చేప, కూరగాయలు ఓవెన్‌లో... ఏది ముందు, ఏది తర్వాత?

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు. బీపీకి మాత్ర వాడుతున్నారు. ఈమధ్య పరీక్షల్లో ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 280, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.2 వచ్చాయి. వేపుళ్లు మానేసి వారానికి రెండుసార్లు చేపలు తినమన్నారు. ఓటీజీ (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) కొని రాత్రిపూట చేప ముక్కలు, క్యారెట్, బీన్స్ కలిపి పెడుతున్నాను. చేప పీచులా ఎండిపోతోంది, క్యారెట్ పచ్చిగానే ఉంటోంది. ఏ చేప మంచిది? ఎలా చేయాలి?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: క్యారెట్ మెత్తబడాలంటే అరగంట పైనే కావాలి, చేప ముక్కకు 12 నిమిషాలు చాలు. రెండూ ఒకేసారి పెట్టి క్యారెట్ కోసం ఆగితే చేప ఎండక ఏమవుతుంది? చేప కండ వేటమాంసం లాంటిది కాదు, దాన్ని పట్టి ఉంచే పొరలు చాలా పలచన. లోపల వేడి 63 డిగ్రీలకు చేరితే ఉడికినట్టే. ఆపైన కండ బిగుసుకుని తనలోని నీటిని తానే పిండేసుకుంటుంది. ముక్క మీద తెల్లగా పేరుకున్నది కనిపిస్తే వేడి ఎక్కువైందని గుర్తు.

ఇద్దరికి శుభ్రం చేసిన చేప 300 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు తీసుకోండి. ఓటీజీని 200 డిగ్రీల దగ్గర, పైకడ్డీ కిందికడ్డీ రెండూ వెలిగేలా పెట్టి పది నిమిషాలు ఖాళీగా వేడెక్కనివ్వండి. క్యారెట్, బీన్స్, కాలీఫ్లవర్‌ను చిటికెన వేలు మందాన తరిగి, రెండు టీస్పూన్ల నూనె, చిటికెడు ఉప్పు పట్టించి ట్రేలో ఒకే వరుసగా పరవండి. కుప్పగా పోస్తే వాటి ఆవిరికే ఉడికి చప్పగా తయారవుతాయి. సొరకాయ, బీరకాయ ఇందుకు పనికిరావు, నీరు వదిలేస్తాయి. బెండకాయ మాత్రం నిలువుగా చీల్చి వేస్తే చాలా బాగుంటుంది.

ఇవి 20 నిమిషాలు వేగాక ట్రే బయటికి తీసి, ఒకసారి తిప్పి, వాటి మీద ఉల్లి, టమాటా, క్యాప్సికం ముక్కలు, ఆపైన చేప పెట్టండి. రెండు సెంటీమీటర్ల మందం ముక్కకు 12 నిమిషాలు, గాట్లు పెట్టిన చిన్న చేప మొత్తంగా అయితే 15 నుంచి 18. ఒక్కో ఓవెన్ వేడి ఒక్కోలా ఉంటుంది కాబట్టి పదో నిమిషంలోనే ముల్లు పక్కన ఫోర్కుతో గుచ్చి చూడండి. అద్దంలా మెరిసే కండ తెల్లగా మారి పొరలు పొరలుగా విడిపోతే తీసేయండి. తీశాక కూడా ఆ వేడికి కాస్త ఉడుకుతుంది.

చేపను కడిగాక తడి పూర్తిగా అద్దాలి. రెండు టీస్పూన్ల నూనె, ఒక స్పూను అల్లంవెల్లుల్లి ముద్ద, పావు స్పూను పసుపు, అర స్పూను మిరియాల పొడి, పావు స్పూను ఉప్పు పట్టించి పావుగంట ఉంచితే చాలు. బజారు ముద్దలో ఉప్పు ముందే ఉంటుంది, బీపీ ఉన్న ఇంట్లో నూరుకున్నదే మేలు. నిమ్మరసం మాత్రం తిన్నప్పుడే పిండండి. ముందే పట్టించి గంటసేపు ఉంచితే ఆ పులుపుకే పైకండ గట్టిపడుతుంది. పులుపు, ఉప్పు తగిలే వంటకం కింద అల్యూమినియం ఫాయిల్ కూడా వద్దు, స్టీలు పళ్లెం వాడండి.

ఇక ఏ చేప? ఒమేగా-3 అనే మంచి కొవ్వు కోసమైతే కానాగంతలు, కవళ్లు. చవకైనవని చిన్నచూపు చూస్తాంగానీ ఈ విషయంలో ఖరీదైన చందువకన్నా ఇవే మెరుగు. శీలావతి, బొచ్చెల్లో ప్రొటీన్‌కు లోటు లేదు, ఒమేగా-3 మాత్రం తక్కువ. పెద్ద వంజరంలో పాదరసం పేరుకునే వీలుంది. అప్పుడప్పుడు తినొచ్చు, ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకు పెట్టకపోవడమే మంచిది. కానాగంతలు కొన్న వెంటనే ఐసులో పెట్టించుకోండి. వేడికి నిల్వ ఉంటే వాటిలో హిస్టమిన్ పుడుతుంది, అది ఎంత ఉడికించినా పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి వస్తాయి. చాలామంది దాన్ని ఎలర్జీ అనుకుంటారు. మీవారికి యూరిక్ యాసిడ్ ఎక్కువున్నా, కిడ్నీ సమస్య ఉన్నా ఈ చేపలు ఎంత తినాలో మీ డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టండి.

ఒక్క మాట. ఓవెన్ మందు కాదు. తక్కువ నూనెతో చేసిన చేపల పులుసు కూడా మంచిదే. ట్రైగ్లిజరైడ్స్ తగ్గించడానికి మందుగా ఇచ్చే ఒమేగా-3 మోతాదు రోజుకు 2 నుంచి 4 గ్రాములు, వారానికి రెండుసార్లు తినే చేపతో అంత అందదు. అసలు ట్రైగ్లిజరైడ్స్‌ను పెంచేది పళ్లెం నిండా అన్నం, తీపి, మద్యం. 150 గ్రాముల చేపతో 28 గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది కాబట్టి పక్కన ఒక పుల్కా లేదా చిన్న కప్పు అన్నం చాలు. బంగాళాదుంప వేస్తే ఆ అన్నం కూడా వద్దు.

మాత్రలు ఆపకండి. మూడు నెలల తర్వాత లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. 10 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, మంచినీళ్లు తాగొచ్చు. ముందురోజు మద్యం తీసుకుంటే ట్రైగ్లిజరైడ్స్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి.