తాబేలు గుర్తా, తాబేటి గుర్తా?

సందేహం: మాది విశాఖపట్నం. మా కాలనీలో పిల్లలకు స్కౌటింగ్ నేర్పుతుంటాను. ఈ ఏడాది ఒక దళానికి తాబేలు బొమ్మ పెట్టుకుందామని పిల్లలే తేల్చారు. జెండా మీద రాయించబోతే పెద్దవాళ్లలో పేచీ వచ్చింది. నేను చిహ్నం అన్నాను, ఒకరు ప్రతీక అన్నారు, ఇంకొకరు లాంఛనం అంటే హుందాగా ఉంటుందన్నారు. 'తాబేటి' అనకపోతే వ్యాకరణం తప్పుతుందని మరొకాయన. ఏది సరైనది?

సమాధానం: లాంఛనం సంగతి ముందు తేల్చేద్దాం. వేంగీ చాళుక్యులది వరాహ లాంఛనం. అప్పట్లో ఆ మాటకు గుర్తు, ముద్ర అనే అర్థమే. ఇప్పుడు పెళ్లి లాంఛనాలున్నాయి, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలున్నాయి. 'మా దళ లాంఛనం' అంటే ఎంత ముట్టజెప్పాలని అడిగేవాళ్లే ఎక్కువ. వదిలేయండి.

చిహ్నం, గుర్తు ఒకటే పని చేస్తాయి. కాగితం మీద చిహ్నం, నోటితో గుర్తు. ప్రతీక తీరు వేరు. దానికి ముందు ఒక 'కి' గానీ 'కు' గానీ కావాలి. పావురం శాంతికి ప్రతీక. మరి తాబేలు దేనికి? ఆ ఖాళీ నింపగలిగితేనే ప్రతీక అనండి, లేకపోతే అది బొమ్మే. 'తాబేలు నడక' అని వెక్కిరించేవాళ్లు ఎలాగూ ఉంటారు. మీ పిల్లలకు జవాబు దూరంలో లేదు. ఆర్కే బీచ్‌లో అటవీ శాఖవాళ్లు ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లను కాపాడి, పిల్లలు బయటికి రాగానే సముద్రంలోకి వదులుతారు. అరచేతిలో పట్టేంత పిల్ల ఇసుకలో బరబరా పాకుతూ అలవైపు పోవడం చూసినవాడు దాన్ని బద్ధకానికి ప్రతీక అనడు. ఆ ఖాళీలో ఏం రాయాలో పిల్లలనే చెప్పమనండి, మీరు అందించకండి.

స్కౌట్లకు సంకేతాలు కూడా ఉన్నాయి కదా. దారిలో రాళ్లతో బాణం పేరిస్తే ఇటు రమ్మని, రెండు పుల్లలు అడ్డంగా పెడితే ఇటు వద్దని. ముందే ఒప్పందం చేసుకున్న గుర్తు కాబట్టి అది సంకేతం. మీ తాబేలు అది కాదు.

ఇక తాబేటి గొడవ. తాబేలుకు సంబంధించినదైతే తాబేటి, అంటే తాబేటి చిప్ప. తాబేలే గుర్తయితే తాబేలు గుర్తు. నాగేటి చాలు అంటాం, ఎన్నికల్లో మాత్రం నాగలి గుర్తు అంటాం. అనుమానముంటే ఇల్లు పెట్టి చూడండి. 'ఇల్లు గుర్తుకు ఓటేయండి' వేరు, 'మీ ఇంటి గుర్తు చెప్పండి' వేరు. రెండోదానికి 'రామాలయం పక్క సందు' అని జవాబొస్తుంది. మీ పెద్దాయన వ్యాకరణం సరైనదే, వాడిన చోటే తప్పు. దళం పేరుగా అయితే 'తాబేళ్ల దళం' అనండి, వినడానికి బాగుంటుంది. ఇంగ్లీషు మాట ప్యాట్రోల్ తెలుగులో రాస్తే బంకు గుర్తొస్తుంది.

దళానికో జంతువు అనేది స్కౌటింగ్ పుట్టినప్పటి నుంచీ ఉంది. 1907లో స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన మొదటి శిబిరంలోనే తోడేలు, ఎద్దు, పెద్ద కాకి, కర్లూ పిట్ట అని నాలుగు దళాలు. మనకిది కొత్తేమీ కాదు. విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరుడికి కౌరవ వీరులను జెండాలను బట్టే చూపిస్తాడు. తిక్కన ఆ ఒక్క పద్యంలోనే జెండాకు కేతనం, ధ్వజం, పతాక, పడగ, సిడము అని మాట మీద మాట మార్చాడు. అందులోనూ పాము గుర్తున్న దుర్యోధనుడికి వచ్చేసరికి 'పడగ' అన్నాడు! జెండాకూ పాముకూ ఒకే మాట సరిపోయింది. ఈ పద్యం మీ పిల్లలకు ఒకసారి చదివి వినిపించండి. భీష్ముడిది తాడిచెట్టు అని తెలిస్తే బీచ్ రోడ్డు పిల్లలకు సరదాగా ఉంటుంది.

జెండా మీద బొమ్మ, దళం పేరు చాలు, 'చిహ్నం' అని రాయనక్కర్లేదు. రిజిస్టర్లోనో బోర్డు మీదో రాయాల్సి వస్తే మాత్రం పెయింటర్ దగ్గర నిలబడండి. నోరు 'చిన్హం' అంటుంది కాబట్టి చెయ్యి కూడా అలాగే రాస్తుంది. మధ్యాహ్నంలో లాగే ఇక్కడా హ రాసి కింద న వత్తు. రంగు ఆరకముందే చూసుకోండి.