హోమ్‌లో ఉన్న అమ్మాయికి సర్కారు సాయం ఎట్లా వస్తుంది: మా చెల్లె విషయంలో మాకు తెలిసింది

మీరు మూడు సంగతులు అడిగారు. హైదరాబాద్‌లో వ్యభిచార గృహం మీద పోలీసులు రైడ్ చేసి విడిపించిన మీ మేనత్త కూతురు ఇప్పుడు అట్లాంటివాళ్లను ఉంచే రక్షణ హోమ్‌లో ఉంది, ఆమెను త్వరగా ఇంటికి తెచ్చుకోవచ్చా, సర్కారు నుంచి డబ్బు ఏమైనా వస్తుందా, కేసు తేలేదాకా ఆగాలా అని. చివరిది ముందు చెప్తాను. ఆగకండి. కేసు దారి వేరు, సాయం దారి వేరు. మా ఇంట్లో కూడా "ముందు కేసు గెలవనీ, తర్వాత చూద్దాం" అనేవాళ్లు. అట్లా కూర్చుంటే ఏళ్లు గడుస్తాయి, ఆ అమ్మాయి చేతిలో రూపాయి ఉండదు.

మాది పరకాల వైపు ఒక ఊరు. ఇంటి పని ఇప్పిస్తానని చెప్పి తెలిసినామెనే మా చెల్లెను హైదరాబాద్ తీసుకుపోయి అమ్మేసింది. దొరికేనాటికి తనకు 18 దాటాయి కాబట్టి మేజిస్ట్రేట్ ముందుకు తీసుకుపోయారు. మీ అమ్మాయి వయసు రాయలేదు, 18 లోపు అయితే బాలల సంక్షేమ కమిటీ చూస్తుంది, పద్ధతి వేరుగా ఉంటుంది. నేను చెప్పేదంతా పెద్దవాళ్ల గురించే.

హోమ్ సంగతి. వ్యభిచారం కోసం మనుషులను వాడుకోవడాన్ని ఆపడానికి తెచ్చిన 1956 నాటి ఇమ్మోరల్ ట్రాఫిక్ చట్టం 17వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ విచారణ చేయిస్తారు, ఆ విచారణ కోసం ఉంచేది మూడు వారాలు దాటకూడదు. తర్వాత కూడా రక్షణ అవసరమని అనుకుంటే ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా హోమ్‌లో ఉంచమని ఆర్డర్ ఇవ్వొచ్చు. ఆ ఆర్డర్ మీద సెషన్స్ కోర్టుకు అప్పీలుకు పోవచ్చు. తల్లిదండ్రులు వచ్చి అడగ్గానే పంపించరు, వీళ్లు నిజంగా చూసుకునేవాళ్లేనా అని ఇంటి దగ్గర కూడా విచారణ చేయించే వీలు 17ఏ సెక్షన్‌లో ఉంది. "నా బిడ్డను నాకియ్యడానికి మధ్యలో వీళ్లెవరు" అని మా అమ్మ కోర్టు బయట ఏడ్చింది. నాకు మాత్రం అది మంచి పద్ధతే అనిపించింది, ఇప్పటికీ అదే అంటాను, ఎందుకంటే చెల్లెను అమ్మినామె అప్పటికింకా మా వాడకట్టులోనే తిరుగుతోంది.

కానీ ఆ విచారణ ఎట్లా చేస్తారో మీరు జాగ్రత్తగా చూసుకోవాలి. మా ఇంటికి వచ్చినాయన ఆఫీసు జీపు వాకిట్లో ఆపి, పక్కింటివాళ్లను పిలిచి మరీ "ఈ పిల్ల ఎక్కడ దొరికిందో తెలుసా" అని అడిగాడు. పొద్దు గూకేసరికి ఊరంతా తెలిసిపోయింది. చెల్లె ఊరికి రానని పట్టుబట్టి హనుమకొండలో మా చిన్నమ్మ దగ్గర ఉండిపోవడానికి అదే కారణం. అందుకని మీరు ముందే జిల్లా సంక్షేమ అధికారికి కాగితం రాసివ్వండి, విచారణకు ఆడమనిషిని పంపాలని, ఇంటివాళ్లతో తప్ప ఎవరితో మాట్లాడొద్దని. రాసిచ్చిన దాని మీద సంతకం, ముద్ర వేయించుకోండి. ఎవరూ పట్టించుకోకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, కానీ అక్కడ మైకు ముందు విషయం చెప్పకండి, కవర్‌లో పెట్టి చేతికివ్వండి.

ఇక డబ్బు. ఇది రెండు రకాలు, కలిపి చూడొద్దు. మొదటిది వెంటనే ఇచ్చే చిన్న సాయం. 2003లో ఉమ్మడి రాష్ట్రం ఇచ్చిన జీవో నంబర్ 1 కింద మొదట 10 వేలు ఉండేది, 2012లో 20 వేలు చేశారు. ఇది మహిళా శిశు సంక్షేమ శాఖ నుంచి వచ్చేది, బట్టలకు, ప్రయాణానికి, మందులకు. అడిగితేనే కదులుతుంది. అమ్మాయి హోమ్‌లో ఉండగానే అక్కడి సూపరింటెండెంట్ ద్వారా దరఖాస్తు పెట్టించండి, ఇంటికి వచ్చాక మనం తిరగాలంటే నెలలు పడుతుంది.

రెండోది నష్టపరిహారం, అసలు పెద్ద సాయం ఇదే. కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 357ఏ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 396. దీనికి నేరం రుజువు కావాల్సిన పని లేదు. నిందితుడు ఎవరో తెలియకపోయినా, దొరక్కపోయినా, బాధితురాలు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, వాళ్లు రెండు నెలల్లో విచారణ ముగించాలి, మధ్యంతర సాయం కూడా ఇవ్వొచ్చు. 2018లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ మహిళల కోసం చేసిన స్కీములో అత్యాచారానికి 4 లక్షల నుంచి 7 లక్షల వరకు ఉంది. కేసు హైదరాబాద్‌ది కాబట్టి మమ్మల్ని అక్కడికే పొమ్మంటారని భయపడ్డాం, కానీ హనుమకొండ కోర్టులోని న్యాయసేవాధికార సంస్థ వాళ్లే దరఖాస్తు రాయించి అక్కడికి పంపారు. లాయర్‌కు పైసా ఇవ్వలేదు. ఆడవాళ్లకు, ట్రాఫికింగ్ (అంటే మనుషులను అమ్మడం, కొనడం) బాధితులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. న్యాయసేవా సంస్థ నంబర్ 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, బాగా చదవండి. ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్లు పెట్టారో చూడాలి. చాలాసార్లు ఇమ్మోరల్ ట్రాఫిక్ సెక్షన్లు మాత్రమే రాసి వదిలేస్తారు. అప్పుడు పరిహారం దగ్గర "ఇది ఏ నేరం కిందికి వస్తుంది" అని ఫైలు ఆగిపోతుంది. మా చెల్లె మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలంలో తనను అమ్మిన సంగతి, బలవంతం చేసిన సంగతి వివరంగా చెప్పాక గానీ ట్రాఫికింగ్, అత్యాచారం సెక్షన్లు కలపలేదు. ట్రాఫికింగ్ ఇప్పుడు ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో 143వ సెక్షన్. ఎఫ్‌ఐఆర్ కాపీ బాధితురాలికి ఊరికే ఇవ్వాలి, తీసుకుని లాయర్‌కు చూపించండి. ఆ వాంగ్మూలానికి ముందు అమ్మాయిని హడావిడి పెట్టకండి, ఏం చెప్పాలో మీరు నేర్పకండి కూడా.

పరిహారం వస్తే మొత్తం ఒకేసారి చేతికి రాదు. ఆ స్కీము ప్రకారం 75 శాతం కనీసం మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్ చేస్తారు, మిగతాది వాడుకోవచ్చు. మొదట్లో నాకు కోపమొచ్చింది గానీ, డబ్బు వస్తుందని తెలియగానే ఏళ్లుగా మాట్లాడని మా బాబాయి కూడా ఇంటికొచ్చి అప్పు అడిగాడు, అప్పుడు అర్థమైంది. అకౌంటు ఆమె ఒక్కదాని పేరు మీదే తెరిపించండి, అన్నతోనో నాన్నతోనో జాయింట్ వద్దు. ఫోన్ నంబర్ కూడా ఆమెదే ఇవ్వాలి.

పని నేర్పించే విషయంలో నాకు సర్కారు మీద గట్టి అభ్యంతరం ఉంది. హోమ్‌లో అందరికీ కుట్టు మిషనే. మా చెల్లెకు కుట్టు అంటే ఇష్టం లేదు, కంటి చూపు కూడా సరిగా లేదు. చివరికి హాస్టల్ వంటలో పని చూసుకుంది, చిన్నమ్మ వాళ్ల వాడలో మహిళా సంఘంలో చేరింది, సంఘం లోన్‌తో ఇప్పుడు కర్రీ పాయింట్ పెట్టాలని చూస్తోంది. మీ అమ్మాయిని ఏం చేయాలని ఉందో అడగండి, అది రాతపూర్వకంగా ఆమె ఫైల్‌లో పెట్టించండి.

ఆఫీసుల్లో కొందరు ఇంకా ఉజ్వల హోమ్ అంటారు. అది గ్యాస్ పథకం కాదు, ట్రాఫికింగ్ బాధితుల కోసం 2007లో వచ్చింది, దాన్ని కష్టాల్లో ఉన్న ఆడవాళ్ల స్వధార్ గృహ్‌తో కలిపి ఇప్పుడు శక్తి సదన్ అంటున్నారు, రెండు మాటలు విని అయోమయపడకండి. ఎప్పుడైనా బెదిరింపులు వస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి చేయండి, ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి కలుపుతారు, అక్కడ కొన్ని రోజులు ఉండనిస్తారు కూడా. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడి లేవడం చాలాకాలం ఉంటుంది, మా చెల్లెను వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గర చూపించాం, మందులతో తేరుకుంది. ఆసుపత్రికి పోవడం ఇబ్బంది అనుకుంటే సర్కారు మానసిక సాయం నంబర్ 14416కి ఫోన్‌లో మాట్లాడొచ్చు.

పెళ్లి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయని మీ అత్త అంటున్నట్టు రాశారు. దయచేసి ఆపండి. ఆమె సాక్షి, కోర్టుకు రావాల్సి ఉంటుంది, అప్పుడు అత్తగారింట్లో ఏం చెప్పి వస్తుంది? పెళ్లి సంగతి ఆమె ఎత్తినప్పుడు మాట్లాడుకోవచ్చు. ఇంకోటి, మీ ప్రశ్నలో ఆ అమ్మాయి ఊరి పేరు, చదివిన కాలేజీ పేరు ఉన్నాయి. ముందు అవి తీసేయండి.