‘మాకచ్చియున్న’ అచ్చుతప్పా?

సందేహం: లూకా సువార్త 11వ అధ్యాయంలో యేసు నేర్పిన ప్రార్థనలో ‘మేము మాకచ్చియున్న ప్రతివానిని క్షమించుచున్నాము గనుక మా పాపములను క్షమించుము’ అని ఉంది. సండే స్కూల్లో మా పిల్లలు దాన్ని ‘మాకిచ్చియున్న’ అని చదువుతున్నారు. మనకి ఇచ్చినవాణ్ణి మనం క్షమించడమేమిటి? ఇది అచ్చుతప్పా? ఇంకొకటి. ‘గనుక’ అన్నారు కదా, మనం ముందు క్షమిస్తేనే దేవుడు క్షమిస్తాడనా? మరి దేవుడిది షరతుల్లేని ప్రేమ అంటామే?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా (ఒడిశా)

సమాధానం: అచ్చుతప్పు కాదమ్మా. ‘అచ్చు’ అనే పాత తెలుగు క్రియకు బాకీపడటం అని అర్థం. ‘అచ్చియుండు’ అంటే బాకీ ఉండటం. మాకు + అచ్చియున్న, ఉత్వసంధితో ‘మాకచ్చియున్న’ అయింది. మీ పిల్లలు చదివినట్టు చదివితే బాకీదారు కాస్తా దాత అయిపోతాడు! వాళ్లను తప్పుపట్టలేం, ఈ క్రియ మన నోళ్లలో ఇప్పుడు లేదు. నిర్గమకాండంలో దీని చుట్టమే ఒకటి కనిపిస్తుంది. గొయ్యి తవ్వి కప్పకుండా వదిలేస్తే, అందులో ఎవరి ఎద్దో పడి చస్తే, గోతి ఖామందు ‘నష్టమును అచ్చుకొనవలెను’. అంటే చెల్లించుకోవాలి.

లూకా గ్రీకు మూలంలోనూ మొదట పాపాలు, తర్వాత బాకీ అనే ఉన్నాయి. మన అనువాదకులు ఆ తేడాను చెరిపేయకుండా తెచ్చారు. మత్తయిలో రెండుచోట్లా ఋణమే. యేసు మాట్లాడిన అరామిక్‌లో ‘హోబా’ అనే ఒక్క మాటే అప్పుకీ పాపానికీ నడిచేది. అందుకే ఆయన ఉపమానాల్లో క్షమాపణ ప్రసక్తి వస్తే పద్దుపుస్తకం కూడా తెరుచుకుంటుంది. మత్తయి 18లో ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు ‘అచ్చియున్నాడు’. తలాంతు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే 6 కోట్ల రోజుల కూలి, ఏ జన్మకీ తీరదు. రాజు ‘వాని అప్పు క్షమించెను’. వాడు బయటికొచ్చి, తనకు 100 దేనారాలు ‘అచ్చియున్న’ తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు.

‘అప్పు క్షమించెను’ అన్న కూర్పు తెలుగు చెవికి కొత్తే. మనం అప్పు మాఫీ చేస్తాం, కొట్టేస్తాం, వదిలేస్తాం. సంస్కృతంలో క్షమ అంటే ఓర్పు. ఓర్చుకున్నంత మాత్రాన పద్దు పోదు, వసూలు వాయిదా పడుతుంది, అంతే. గ్రీకు క్రియకు మాత్రం వదిలిపెట్టడం అని అర్థం. చర్చిలో తరతరాలుగా వాడగా వాడగా మన ‘క్షమించు’కి కూడా ఆ అర్థం పట్టింది. ఇప్పుడు మార్చమని నేనైతే అనను.

‘గనుక’ సంగతి. ఈ మాట కారణం చెబుతుంది, నిజమే. దేనికి కారణమో చూడాలి. ‘మీరు మా ఊరివారు గనుక ఈ సాయం చేయండి’ అన్నప్పుడు, ఊరివారు కావడం సాయానికి ధర కాదు, అడగడానికి చనువు. ఇక్కడా అంతే: మేమూ వదిలేస్తున్నాం, ఆ చనువుతో అడుగుతున్నాం అని. పైగా కథలో ముందు వదిలింది రాజు. దాసుడు అప్పటికి ఎవరికీ ఏమీ వదల్లేదు. షరతు లేదనేవారికి ఆధారం అక్కడుంది. అయితే మత్తయి 6లోనే ‘క్షమింపక పోయినయెడల’ అని అచ్చమైన షరతు వాక్యం ఉంది, ఆ రాజు కూడా చివరికి కోపగించుకుంటాడు. ‘యెడల’కి వేరే అర్థం లాగడం నాకు చేతకాదు. ఆ ముడి మీ పాస్టరుగారు విప్పాలి.

రోమా పత్రిక 13:8లో ఇదే క్రియ మళ్లీ వస్తుంది: ప్రేమించే విషయంలో తప్ప ఎవరికీ ఏమీ ‘అచ్చియుండవద్దు’. బాకీలన్నీ తీర్చేయమని చెబుతూ ప్రేమ బాకీని మాత్రం తీరకుండా ఉంచాడు పౌలు. తెలుగులో ‘ఋణపడి ఉంటాను’ అనడంలో ఉన్న ఆప్యాయత ఇందులోనూ ఉంది.

వాడుకభాష కోసం గిడుగు రామమూర్తిగారు ఏళ్లతరబడి పోరాడిన ఊరు మీది. అక్కడి పిల్లల చేత ‘అచ్చియున్న’ను అర్థం తెలియకుండా వల్లె వేయించడం భావ్యం కాదు. వాక్యం అలాగే ఉంచి, అర్థం ‘మాకు బాకీపడ్డ’ అని చెప్పండి. ‘మాకు తప్పు చేసిన’ అని తేలిక చేయకండి, లెక్క సంగతి ఎగిరిపోతుంది. ఒడియా మీడియం పిల్లలైతే మరీ సులువు. రైతుల అప్పుల మాఫీని ఒడియా పత్రికలు ‘ఋణ ఛాడ’ అని రాస్తాయి. ‘ఛాడ’ అంటే వదిలేయడమని వాళ్లకు మీరు చెప్పక్కర్లేదు.