బ్యాంకుకు ఎన్నింటికి చెప్పారన్నదే మీ కేసు

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు రైతును. ఏప్రిల్ 17న మా అమ్మాయి లాప్‌టాప్ తెర ఉన్నట్టుండి బిగుసుకుపోయి సైరన్ మోగింది. వైరస్ వచ్చిందని, వెంటనే ఫలానా నంబరుకు ఫోన్ చేయమని తెర మీద వచ్చింది. చేశాం. కంప్యూటర్ కంపెనీ టెక్నికల్ సపోర్ట్ అని చెప్పిన మనిషి లాప్‌టాప్‌లో ఒక యాప్, నా ఫోన్‌లో అదే యాప్ వేయించాడు. సర్వీసు ఛార్జి 10 రూపాయలు కట్టమని నెట్ బ్యాంకింగ్ తెరిపించాడు. 11.42కి 90 వేలు, 11.47కి 95 వేలు పోయాయి. 12.10కి మా బ్రాంచి మేనేజర్ గారికి ఫోన్ చేసి చెప్పాను. వచ్చి కాగితం రాసివ్వమన్నారు. ఆటోలో వెళ్తుండగా 12.36కి ఇంకో 1,40,000 పోయింది. ఒకటిన్నరకు బ్రాంచిలో కాగితం ఇచ్చాక ఖాతా ఆపారు. సాయంత్రం అమ్మాయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, ఎవరి ఖాతాలోనో 62 వేలు ఆగిందన్నారు. ఓటీపీ మీరే ఇచ్చారు, మాకు సంబంధం లేదని బ్యాంకు అంటోంది. మూడు రోజుల్లోపు చెబితే మొత్తం తిరిగి ఇవ్వాలని విన్నాను. అసలు యాప్ సంగతే ఎత్తకుండా, ఎవరికీ ఏమీ చెప్పలేదని రాయమని మా బావమరిది సలహా. బేళ్లు అమ్మి కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు సార్ అది. నాలుగు నెలలుగా నిద్ర లేదు. దారి చెప్పండి.
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. ఆ మనిషి ఎంత మర్యాదగా మాట్లాడాడో, ఇంట్లో ఎవరు ఎవర్ని ఏమన్నారో మూడు పేజీలు రాశారు. వాటిని పక్కన పెడుతున్నాను. కేసును తేల్చే వాక్యం ఒక్కటే ఉంది: 12.10కి మేనేజర్ గారికి ఫోన్ చేసి చెప్పాను. దాన్ని మీరు మాటవరసకు రాసినట్టు రాసి వదిలేశారు. మీ 1,40,000 దాని మీదే ఉంది.

మీరు విన్న మూడు రోజుల మాట రిజర్వు బ్యాంకు 2017 జులై 6న పెట్టిన నియమంలోది. కానీ సగమే విన్నారు. తప్పు బ్యాంకుదీ కాదు, ఖాతాదారుడిదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగింది అన్నప్పుడు, బ్యాంకు మెసేజ్ అందాక మూడు పనిదినాల్లోపు చెబితే ఖాతాదారుడి మీద పైసా పడదు. అదే నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాదారుడు 10 వేల దాకా భరించాలి. మీ సంగతి వేరు. ముక్కూమొహం తెలియని మనిషి చెప్పిన యాప్ ఫోన్‌లో వేసుకుని, అది నడుస్తుండగానే నెట్ బ్యాంకింగ్ తెరిచారు. ఓటీపీ మీరు నోటితో చెప్పకపోయినా, మీ తెర మీద వచ్చింది వాడి తెర మీదా కనబడింది. ఇది మీ నిర్లక్ష్యమని బ్యాంకు అంటుంది, ఆ వాదనకు బలం ఉంది.

అయితే అదే నియమంలో ఇంకో మాట ఉంది. ఖాతాదారుడి నిర్లక్ష్యం వల్ల డబ్బు పోయినా, అతను బ్యాంకుకు తెలియజేసే వరకు పోయినదే అతని నెత్తిన పడుతుంది. తెలియజేసిన తర్వాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకు భరించాలి. ‘రాసి ఇచ్చిన తర్వాత’ అని అక్కడ లేదు. ఫిర్యాదు తీసుకోవడానికి ఫోన్, ఎస్సెమ్మెస్, ఈ-మెయిల్, టోల్‌ఫ్రీ నంబరు, సొంత బ్రాంచి, ఇలా అన్ని దారులూ తెరిచి ఉంచాలని, తెలిసిన వెంటనే మిగతా డబ్బు పోకుండా ఆపాలని బ్యాంకుల మీదే బాధ్యత పెట్టారు. 12.10కి తెలిసిన మేనేజర్ 12.36 దాకా ఖాతా ఎందుకు ఆపలేదు? జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లు.

ఇప్పుడు ఆ 12.10ని రుజువు చేయాలి. మీరు చేసిన పనులకు నాకు కోపం వచ్చింది ఇక్కడే. అదే రోజు సాయంత్రం ఒంగోలులో మొబైల్ షాపుకు వెళ్లి ఫోన్ మొత్తం రీసెట్ చేయించారని రాశారు. కాల్ లిస్టు పోయింది, బ్యాంకు మెసేజ్‌లు పోయాయి, ఆ యాప్ ఆనవాళ్లు పోయాయి. వైరస్ భయంతో చేసిన పనే అయినా, మీ సాక్ష్యాన్ని మీ చేతులతోనే చెరిపేశారు. చేయాల్సిందల్లా డేటా ఆపేసి ఫోన్ స్విచాఫ్ చేయడం. 11.47కే ఆ పని చేసి ఉంటే మూడో దెబ్బ పడేదే కాదేమో. బ్రాంచిలో ఇచ్చిన కాగితానికి రసీదు కూడా తీసుకోలేదు. బేళ్లు అమ్మినప్పుడు చీటీ లేకుండా ఇంటికొస్తారా? మూడు లక్షల పాతిక వేలు పోయిన కాగితానికి ముద్ర వేయించుకోకుండా ఎలా వచ్చారు?

మీరు పంపిన పాస్‌బుక్ జిరాక్సు చూశాను. మూడు ఎంట్రీలూ ఒకదాని కింద ఒకటి, మూడింటి పక్కనా ఏప్రిల్ 17 అని తేదీ. గంట లేదు, నిమిషం లేదు. పాస్‌బుక్ మీద ఆధారపడితే 11.42కి పోయినదీ 12.36కి పోయినదీ ఒకటే అయిపోతాయి. అందుకే ఈ వారమే రెండు పనులు చేయండి. ఒకటి, ఏప్రిల్ 17 నాటి లావాదేవీల పూర్తి వివరం, గంట నిమిషం సెకనుతో, ప్రతిదాని యూటీఆర్ నంబరుతో (ఒక్కో లావాదేవీకి బ్యాంకు వేసే గుర్తింపు సంఖ్య) ఇవ్వమని బ్యాంకుకు రాయండి. రెండు, మీ ఫోన్ కంపెనీకి ఆ రోజు కాల్స్ వివరాల కోసం దరఖాస్తు పెట్టండి. ప్రీపెయిడ్ సిమ్ అయినా నామమాత్రపు రుసుముతో ఇస్తారు. కానీ వాళ్లు ఇచ్చేది గత ఆరు నెలల లోపలివే. మీకు ఇప్పటికే నాలుగు నెలలు పోయాయి. కోర్టు గడువు కంటే ముందు ఈ గడువు ముంచుకొస్తోంది.

మేనేజర్ గారి సెల్‌కి చేసిన కాల్‌ను సొంత మాటామంతీ కింద కొట్టేయడానికి బ్యాంకు చూస్తుంది. ఆ నంబరు బ్రాంచిలో గోడ మీదో కౌంటర్ దగ్గరో రాసి ఉంటుంది. ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి. ఆటోలో మీతో ఎవరైనా వచ్చారా, ఫోన్‌లో మీరు మాట్లాడింది విన్నారా? వాళ్లు సాక్షులు. బ్రాంచి సీసీటీవీ ఫుటేజీ ఎక్కువ కాలం ఉంచరు, అయినా భద్రపరచమని లేఖలో అడగండి. ఫుటేజీ లేకపోతే లేదని బ్యాంకు రాతపూర్వకంగా చెప్పాల్సి వస్తుంది.

ఇక మీ బావమరిది సలహా. ఆ పని చేయొద్దు. ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఓటీపీ ఏ నంబరుకు వెళ్లింది, నెట్ బ్యాంకింగ్ ఏ ఫోన్ నుంచి తెరిచారు అన్నది బ్యాంకు రికార్డులో ఉంటుంది. యాప్ వేసుకున్నానని ఏప్రిల్ 17న మీ చేత్తో రాసిన కాగితం బ్రాంచిలోనే ఉంది. 1930లో అమ్మాయి చెప్పిందీ నమోదై ఉంది. ఇప్పుడు ఏమీ తెలియదని ప్రమాణపత్రం మీద సంతకం పెడితే ఆ రెండూ తెచ్చి పక్కన పెడతారు. మొదటి రెండుసార్లు పోయిన 1,85,000 కోసం ఆడిన అబద్ధం, చట్టం మీ వైపు ఉన్న 1,40,000ని కూడా ముంచుతుంది. తప్పుడు ప్రమాణం చేసినందుకు కేసు అదనం. ఈ మనిషి ఒక దగ్గర అబద్ధం చెప్పాడు అనిపిస్తే, 12.10కి ఫోన్ చేశానన్న నిజాన్ని కూడా వినియోగదారుల కమిషన్ నమ్మదు. నిజం రాయండి. మోసపోయానని రాయడం నేరం కాదు. మొత్తం డబ్బు రికవరీ చేయిస్తాం, ముందు 15 వేలు కట్టండి అని ఎవరో ఫోన్ చేశారన్నారు కదా, వాళ్లూ దొంగలే. రూపాయి కూడా పంపకండి.

బ్యాంకుకు రాసే లేఖలో కథ వద్దు. ఇలా చాలు: ‘ఏప్రిల్ 17న 11.42కి, 11.47కి నా ఖాతా నుంచి మోసంతో 1,85,000 పోయింది. 12.10కి నా ఫలానా నంబరు నుంచి మేనేజర్ గారి ఫలానా నంబరుకు ఫోన్ చేసి ఈ విషయం చెప్పి ఖాతా ఆపమన్నాను. ఆపలేదు. 12.36కి 1,40,000 పోయింది. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం తెలియజేసిన తర్వాత పోయిన ఈ మొత్తాన్ని నా ఖాతాకు జమ చేయండి.’ రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి, బ్యాంకు ఫిర్యాదుల ఈ-మెయిల్‌కు ఒకటి పంపండి. పోస్టాఫీసు రసీదు పారేయకండి.

మొదటి 1,85,000 మీద మీకు పెద్ద ఆశ పెట్టను. అయితే పూర్తిగా వదలమనీ చెప్పను. ఖాతాదారుడిదే తప్పని రుజువు చేసే భారం బ్యాంకు మీదే ఉంది. కస్టమర్ కేర్ పేరుతో వచ్చిన ఫోన్ నమ్మి యాప్ వేసుకుని 94 వేల పైచిలుకు పోగొట్టుకున్న ఖాతాదారుడికి ఆ డబ్బు ఇవ్వాల్సిందేనని గౌహతి హైకోర్టు చెబితే, 2025 జనవరిలో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. అక్కడి ఖాతాదారుడు 24 గంటల్లోపు బ్యాంకుకు చెప్పాడు. కానీ ఓటీపీ ఇచ్చానని అతను ఒప్పుకోలేదు, వివరాలు బయటికి పొక్కింది అతను కొన్న వెబ్‌సైటు నుంచి. మీ సంగతి అంత శుభ్రంగా లేదు. కాబట్టి దాన్ని రెండో కోరికగా అడగాలి. రెండూ కలిపి ఒకే ముద్దగా అడిగితే బ్యాంకు లాయరు మొత్తాన్నీ నిర్లక్ష్యం కిందికి లాగేస్తాడు.

30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. అక్కడ తేలకపోతే ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కాబట్టి అక్కడా ఫీజు ఉండదు. ఈ వరుస మార్చకండి. ముందే కమిషన్‌లో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. కమిషన్‌కు గడువు రెండేళ్లు, ఏప్రిల్ 17 నుంచి లెక్క. అంబుడ్స్‌మన్ దగ్గర నడుస్తోంది కదా అని ఆ తేదీ దాటనిచ్చి, తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను.

1930లో చెప్పినంత మాత్రాన ఎఫ్ఐఆర్ అయిందనుకోకండి. ఆ ఫిర్యాదు నంబరుతో పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్ కాపీ అడగండి. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 318(4), 319(2), ఐటీ చట్టంలో 66డి దీనికి సరిపోయే సెక్షన్లు. తీసుకోకపోతే ఎస్పీ గారికి పోస్టులో పంపవచ్చు, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది. ఆగిన 62 వేలు మీ ఖాతాకు ఇప్పించమని కోర్టులో పిటిషన్ వేసుకోవచ్చు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 503 సెక్షన్ అందుకే ఉంది. ఆ 62 వేలు మూడు లావాదేవీల్లో దేని తాలూకుదో పోలీసుల దగ్గర కనుక్కోండి. 12.36 నాటిదైతే బ్యాంకు నుంచి అడిగే మొత్తంలో అంత తగ్గించి అడగాలి.

అన్నిటికంటే ముఖ్యం, మీ అమ్మాయి ఆ రోజు నుంచి లాప్‌టాప్ ముట్టుకోలేదని, బీరువాలో పెట్టి తాళం వేశారని రాశారు. ఇన్ని పొరపాట్ల మధ్య జరిగిన మంచి పని అదొక్కటే. ఫోన్‌లో పోయినవి అందులో ఉండవచ్చు. ఎర్ర తెర వచ్చిన సైటు, వాళ్ల నంబరు, యాప్ ఎన్నింటికి కలిసి ఎన్నింటికి తెగిందీ. ఆన్ చేయకండి, ఏ షాపుకూ ఇవ్వకండి. ఎఫ్ఐఆర్ అయ్యాక దర్యాప్తు అధికారికి అప్పగించి, మోడలు, సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి. ఈసారి ముద్ర వేయించుకునే రండి.