స్టాప్ పేమెంట్ ఇచ్చే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

కొన్న యంత్రం సరిగా నడవడం లేదు కనుక, దాన్ని అమ్మినవాడికి రాబోయే తేదీలు వేసి ఇచ్చిన చెక్కుల్లో మిగిలిన నాలుగింటికీ సోమవారమే స్టాప్ పేమెంట్, అంటే సొమ్ము చెల్లించవద్దని బ్యాంకుకు కాగితం, ఇస్తానని రాశావు. ముప్ఫై ఏళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి గనుక చెబుతున్నాను, ఆ కాగితం బ్యాంకును ఆపుతుందే గాని కేసును ఆపదు.

ఖాతాలో సొమ్ము లేక తిరిగివచ్చిన చెక్కుకే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ (చెక్కు తిరిగిరావడాన్ని నేరంగా చూసేది) వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. చెక్కుతో పాటు బ్యాంకు తిప్పి పంపే చీటీ, అంటే రిటర్న్ మెమో మీద ‘పేమెంట్ స్టాప్డ్ బై డ్రాయర్’ (చెక్కు ఇచ్చినవారే ఆపించారు) అని ఉన్నా ఆ సెక్షన్ వర్తించవచ్చని 1998లోనే మోడీ సిమెంట్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చెక్కు బ్యాంకుకు వచ్చిన నాటికి ఖాతాలో సరిపడా సొమ్ము ఉన్నదనీ, బాకీ లేకపోవడం వంటి సరైన కారణంతోనే ఆపావనీ చూపగలిగితే బయటపడవచ్చు గాని, ఆ రుజువు భారం నీదే. ఎందుకంటే చెక్కును బాకీ కిందే ఇచ్చినట్టు 139వ సెక్షన్ ముందే భావిస్తుంది.

సరుకు అందకముందే ఆర్డరు రద్దయితే అడ్వాన్సు చెక్కు బాకీ కిందికి రాదని 2014లో ఇండస్ ఎయిర్‌వేస్ కేసులో చెప్పారు. నీ సంగతి వేరు. యంత్రం నీ షెడ్డులోనే ఉంది, దాని మీద సగం పనైనా నడుస్తోంది, డెలివరీ చలానాలో ‘మంచి స్థితిలో అందినది’ అన్న మాట కింద ఉన్న సంతకం నీదే. అవతలి వకీలు ముందు తీసేది ఆ చలానానే.

అందుచేత లోపాలన్నీ తేదీలతో సహా రాసి, బాగుచేయమని లేదా వెనక్కి తీసుకుపొమ్మని, అంతవరకు చెక్కులు వేయవద్దని స్పీడ్ పోస్టులో ఇప్పుడే పంపు. ఫోనులో తిట్టుకున్న తిట్లు సాక్ష్యానికి పనికిరావు. చెక్కు ఆపక తప్పకపోతే ఆ మొత్తాన్ని ఖాతాలో అలాగే ఉంచు. ఫారంలో కారణం గడిలో ‘చెక్కు పోయింది’ అని మాత్రం రాయకు. ఆ అబద్ధం రాసిన ఫారాలు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి, ఎదుటివారు అడిగితే అవే కోర్టుకు చేరతాయి.

చెక్కు తిరిగివస్తే, మెమో అందిన 30 రోజుల్లోగా అమ్మినవాడు సొమ్ము కట్టమని నీకు నోటీసు పంపాలి. అది నీకు అందిన 15 రోజుల్లో చెల్లిస్తే కేసు నిలవదు. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపినా అందినట్టే లెక్క. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కేసు తేలకముందే 143ఎ సెక్షన్ కింద చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం కట్టమనవచ్చు.

సోమవారం బ్యాంకుకు వెళ్లేలోపు, చలానా, ఇన్వాయిసు పట్టుకుని వకీలును కలువు. మొదటి చెక్కు తేదీ ఎప్పుడో నువ్వు రాయలేదు. అది ఈ రాత్రికే ఫోను చేసి చెప్పు.

ఇట్లు,
పెదనాన్న