జార్జియాలో నేను చూసిన యూరప్ సాయం

యూరోపియన్ యూనియన్ తన తూర్పు పొరుగు దేశాలకు సంస్కరణల పేరుతో ఇచ్చే సాయం వల్ల అక్కడి మామూలు జనానికి ఏమైనా ఒరిగిందా అని అడిగారు. ఒరిగింది. అయితే నిధుల వల్ల కాదు, వీసా ఎత్తివేయడం వల్ల. జార్జియా రాజధాని తిబిలిసిలో ఎంబీబీఎస్ చదివాను కాబట్టి జార్జియా గురించే చెబుతాను.

2009లో ప్రాగ్‌లో ఆరు తూర్పు పొరుగు దేశాలతో యూరోపియన్ యూనియన్ 'తూర్పు భాగస్వామ్యం' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. బెలారస్ 2021లో పక్కకు తప్పుకుంది. అజర్‌బైజాన్ చేతిలో చమురు, గ్యాస్ ఉన్నాయి; దానికి ఎవరి సుద్దులూ పట్టవు. జార్జియాకు మాత్రం 2013లో, వీసా ఎత్తేయాలంటే ఇవి చేయాలంటూ ఒక పనుల పట్టిక ఇచ్చారు: బయోమెట్రిక్ పాస్‌పోర్టులు, సరిహద్దు నిర్వహణ, వ్యక్తిగత సమాచార రక్షణ, వివక్ష నిషేధ చట్టం. ఈ చట్టాన్ని అక్కడి చర్చి గట్టిగా వ్యతిరేకించినా 2014లో పార్లమెంటు ఆమోదించింది. వీసా ఆశ లేకపోతే అది పుట్టేదే కాదు, ఎవరేమన్నా నేను ఈ మాట మీదే ఉంటాను. 2015 డిసెంబరులో షరతులన్నీ నెరవేరాయని యూరోపియన్ కమిషనే తేల్చింది. తలుపు తెరిచింది, అంటే వీసా ఎత్తేసింది మాత్రం 2017 మార్చి 28న. అవసరమైతే మినహాయింపును చప్పున ఆపేసే ఏర్పాటు ముందు తమ చేతికి రావాలని సభ్యదేశాలు పట్టుబట్టాయి. పని చేయించుకున్నాక కూలి దగ్గర బేరం!

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలి కూతురు ఇటలీలో ఒక వృద్ధురాలిని చూసుకునే పనిలో ఉండేది. కాగితాలు సరిగా లేవు కాబట్టి ఇంటికి వస్తే మళ్లీ వెళ్లలేదు. తల్లి వెళ్దామంటే, తిరిగి వస్తారన్న నమ్మకం లేదంటూ వీసా తిరస్కరించారు. వీసా ఎత్తేసిన ఏడాది వేసవిలో ఆ తల్లి కొత్త పాస్‌పోర్టుతో బయలుదేరింది. ముందు రోజు రాత్రి పెట్టె వంటింట్లో నేల మీద తెరిచి ఉంది. ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టిన అక్రోటు దండలు, పుల్లటి ప్లమ్ పచ్చడి సీసా, వాటి మధ్య గుండ్రటి సులుగుని చీజ్ ముద్దలు. మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరని చెప్పి చీజ్ బయటికి తీశాను. "ఇన్ని చట్టాలు మార్చాం, ఇంకా మా చీజ్ మీద అనుమానమేమిటి?" అని నా మీదే ఎగిరింది. నేను తీయడం, ఆవిడ మళ్లీ పెట్టడం. చివరికి అది మా గదికి వచ్చింది. చాలా రోజులు దోసెల మీద తురుముకున్నాం. తిరుగు టికెట్టు, బీమా కాగితం ముద్రించి ఇస్తే అక్కడివాళ్లు కొలిచే సెయింట్ నినో పటంతో కలిపి చేతిసంచిలో దాచుకుంది. వీసా లేకుండా ఉండనిచ్చే 90 రోజుల గడువు నిండకముందే వచ్చేసింది, ఇటలీ రొట్టెకు రుచే లేదని విసుక్కుంటూ.

నిధుల సంగతి కావాలంటే మోల్డోవాను చూడండి. 2014లో అక్కడ మూడు బ్యాంకుల నుంచి దాదాపు 100 కోట్ల డాలర్లు మాయమయ్యాయి. ఆ తర్వాత యూరప్ బడ్జెట్ సాయం నిలిపివేసింది. యూరోపియన్ యూనియన్‌లో చేరడంపై అక్కడ జరిగిన 2024 అక్టోబరు ప్రజాభిప్రాయ సేకరణలో యూరప్ పక్షాన్ని 50 శాతం గీత దాటించినవి విదేశాల్లో బతుకుతున్న మోల్డోవా వాళ్ల ఓట్లు. తలుపు దాటి వెళ్లినవాళ్లే తలుపు కోసం ఓటేశారు.

పనిలో పనిగా ఇంకో మాట. జార్జియాలో సీటు తీసుకుంటే యూరప్ అంతా తిరగవచ్చని మన దగ్గర కొన్ని కన్సల్టెన్సీలు పిల్లలకు చెబుతున్నాయి. ఆ మినహాయింపు జార్జియా పౌరులకే. అక్కడి నివాస కార్డు ఉన్నా భారత పాస్‌పోర్టుకు యూరప్‌లో చాలా దేశాలకు ఒకటే అయిన షెంగెన్ వీసా కావలసిందే. యూరప్ క్రెడిట్లంటూ ఊదరగొడతారు గానీ, ఇంటికి వచ్చాక 300కు 150 తెచ్చుకుని, విదేశాల్లో వైద్యం చదివినవాళ్ల అర్హత పరీక్ష అయిన ఎఫ్‌ఎంజీఈ గట్టెక్కాల్సిందే.

2024 నవంబరు 28న జార్జియా ప్రధాని కొబాఖిద్జే, యూరోపియన్ యూనియన్‌లో చేరే చర్చల ఊసు 2028 చివరి దాకా ఎత్తబోమని ప్రకటించగానే తిబిలిసిలోని రుస్తవేలి వీధి జనంతో నిండిపోయింది. సంస్కరణలు నాయకులకు విసుగు పుట్టించినా జనానికి పుట్టించలేదు. 2025 జనవరిలో యూరోపియన్ యూనియన్ జార్జియా దౌత్య, అధికారిక పాస్‌పోర్టులకు వీసా మినహాయింపు నిలిపేసింది. అంతవరకు సబబే. దాన్ని మామూలు పాస్‌పోర్టుల దాకా లాగుతామన్న బెదిరింపే శుద్ధ తెలివితక్కువతనం. కోపం ఎవరి మీదో వాళ్ల ఖాతాల మీద ఆంక్షలు పెట్టాలి. అందుకు సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి. 2024 డిసెంబరులో ఆ ప్రతిపాదన వస్తే హంగరీ, స్లొవేకియా అడ్డం తిరిగాయి. ముందు వాళ్లిద్దరి సంగతి చూసుకోమనండి.