చెంచా చూస్తేనే పాప మూతి తిప్పేసుకుంటోంది

ప్రశ్న: మా పాపకు 14 నెలలు. రెండు నెలల క్రితం దాకా ఏది పెట్టినా తినేది. ఇప్పుడు చెంచా కనబడితే చాలు, పెదాలు బిగించేస్తుంది, తల తిప్పేసుకుంటుంది, చేత్తో తోసేస్తుంది. ఫోన్‌లో వీడియో పెడితే నాలుగైదు చెంచాలు లోపలికి వెళ్తాయి, అందుకు గంట పడుతుంది. గిన్నె లాక్కుని అందులో చేతులు పెట్టేస్తోంది, అంతా పారబోస్తుందని నేను మళ్లీ లాగేసుకుంటున్నాను. మొన్న ఓపిక నశించి, ఏడుస్తుంటేనే నోట్లో కుక్కేశాను. మొత్తం కక్కేసింది. పిల్లకు తిండి పెట్టడం కూడా రాదని మా అత్తగారు అంటున్నారు. పాప బరువు తగ్గిపోతుందేమోనన్న టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. దానంతట దాన్ని తిననిస్తే కడుపు నిండుతుందా?

జవాబు: మీరు రాసిన వాటిలో నేను మొదట ఆగిపోయింది 'గిన్నె లాక్కుని చేతులు పెట్టేస్తోంది' అన్న మాట దగ్గర. మీరు దాన్ని అల్లరి కింద జమ కట్టారు. నాకైతే అది మంచి కబురు. తిండి మీద అయిష్టం పుట్టిన పిల్ల గిన్నె దగ్గరికే రాదు. మీ పాపకు ఆకలి ఉంది, గిన్నెలో ఏముందో తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది. ఎదుటివాళ్ల చేతిలోని చెంచా ఎప్పుడొస్తుందో, ఎంత తెస్తుందో తనకు తెలియకపోవడమే నచ్చడం లేదు.

ఇది ఆ వయసులో వచ్చేదే. తొమ్మిదో నెల అటూ ఇటూగా పిల్లలు బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న ముక్కలు ఏరుకోవడం నేర్చుకుంటారు. 15 నెలలకు చాలామంది కొంతైనా తమ చేత్తో తింటారు. 18 నెలలకు చెంచాతో ప్రయత్నిస్తారు. ఒలకబోసుకుంటూనైనా చెంచాతో తినడం రెండేళ్లకు వస్తుంది. ఇదే సమయంలో ఇంకోటి జరుగుతుంది. మొదటి ఏడాదిలో పుట్టిన బరువుకు దాదాపు మూడింతలైన బిడ్డ, రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించేసరికి ఆకలీ తగ్గుతుంది. అటు ఆకలి తగ్గడం, ఇటు 'నేనే తింటా' అనడం కలిసి వచ్చేసరికి, నిన్నటిదాకా బాగా తిన్న పిల్ల ఒక్కసారిగా మొండికేసినట్టు కనిపిస్తుంది.

ముందుగా పాప నోట్లోకి ఒకసారి చూడండి. ఈ నెలల్లో దవడ పళ్లు వస్తుంటాయి, చిగుళ్లు వాస్తే చెంచా తగిలినా నొప్పే. నోటిపూత, మలబద్ధకం ఉన్నా పిల్లలు తిండి మానేస్తారు. అవేవీ లేకపోతే ఇక మార్చాల్సింది తినిపించే పద్ధతినే.

ఫోన్ ఈ రోజే ఆపేయండి. మొదటి రెండు మూడు రోజులు తిండి బాగా తగ్గవచ్చు, దానికి సిద్ధపడి ఉండండి. వీడియో చూస్తూ తినే పిల్లకు నోట్లో ఏం పడిందో తెలియదు, కడుపు నిండిందో లేదో కూడా తెలియదు. మీరిప్పుడు నేర్పాల్సింది సరిగ్గా ఆ రెండే.

ఆకలి బాగా ఉన్నప్పుడు, భోజనం మొదట్లోనే పాప ముందు రెండు మూడు ముక్కలు పెట్టండి. మెత్తగా ఉడికిన కూరగాయ, పండిన పండు, ఉడికించిన గుడ్డు, ఏదైనా సరే. మీ రెండు వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోవాలి, అదే కొలత. గిన్నె నిండా పెడితే విసిరేస్తుంది, తినేకొద్దీ వేస్తూ ఉండండి. కూర్చున్నప్పుడు పాదాలకు కింద ఆనిక ఉండేలా చూడండి. కాళ్లు గాల్లో వేలాడుతుంటే పిల్లల ధ్యాసంతా పడిపోకుండా కూర్చోవడం మీదే ఉంటుంది, చేతులు సరిగ్గా ఆడవు.

చెంచాను మాత్రం దూరం పెట్టొద్దు, దాని చేతికే ఇవ్వండి. ఇచ్చి, పక్కన కూర్చుని చూడండి. పిడికిలి బిగించి పట్టుకుంటుంది. గిన్నెలో ముంచి పైకి ఎత్తుతుంది, నోరు ముందే తెరిచి పెట్టుకుంటుంది. తీరా పెదవి దగ్గరికి వచ్చేసరికి చెంచా బోర్లా తిరిగి అంతా ఒళ్లో పడుతుంది. ఖాళీ చెంచా నోట్లో పెట్టుకుని మీ వంక చూస్తుంది. అది నిర్లక్ష్యం కాదమ్మా. చెంచా ఒలకకుండా నోటి దాకా రావాలంటే ముంజేయి, మణికట్టు కలిసి తిరగాలి. ఆ తిరుగుడు ఇంకా కుదరలేదు, చేయగా చేయగానే కుదురుతుంది. అందాకా పిడి పొట్టిగా, లావుగా ఉన్న చెంచా ఇవ్వండి. జారిపోయే పల్చటివి కాకుండా చెంచాకు అంటుకునేలా చిక్కగా ఉన్నవి పెట్టండి. బోర్లా తిరిగినా ఎంతో కొంత నోటికి అందుతుంది, అందితే మళ్లీ ప్రయత్నిస్తుంది.

రెండు చెంచాలు పెట్టుకోండి. ఒకటి పాప చేతిలో ఉంటుంది. రెండోది మీరు నింపి, నోటికి కాకుండా పిడి తన వైపు ఉండేలా చేతికి అందించండి. అది తీసుకున్నప్పుడు పాత చెంచా మీరు తీసుకుని నింపండి. మీరు పెట్టినట్టూ ఉంటుంది, తనే తిన్నట్టూ ఉంటుంది. చాలా ఇళ్లలో గొడవ ఈ చిన్న మార్పుతోనే సగం తగ్గడం నేను చూశాను.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. తినేటప్పుడు పాపను ఒంటరిగా వదలొద్దు, నడుస్తూ, పరిగెడుతూ తిననివ్వొద్దు. గింజలు, పాప్‌కార్న్, పచ్చి క్యారెట్, గట్టి చాక్లెట్ బిళ్లలు ఇవ్వకండి. ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేయాలి. కొత్తగా తినేటప్పుడు ఓకరించడం, దగ్గడం, మొహం ఎర్రబడటం మామూలే. శబ్దం వస్తోందంటే గాలి ఆడుతోందని అర్థం, నోట్లో వేలు పెట్టకుండా పక్కనే ఉండి చూడండి. శబ్దమే లేకుండా, దగ్గలేక, ఏడవలేక రంగు మారుతోందంటే అది ప్రమాదం. అప్పుడు వీపు మీద ఎలా తట్టాలో, ఇంకా ఏం చేయాలో శిక్షణ ఉన్నవాళ్ల దగ్గర మీరు, మీ ఇంట్లోవాళ్లు ముందే నేర్చుకుని ఉండండి.

పాలు ఎంత తాగుతోందో మీరు రాయలేదు. ఈ వయసులో ఆవుపాలు, గేదెపాలు రోజుకు అర లీటరు దాటితే కడుపు వాటితోనే నిండుతుంది, ఐరన్ తగ్గి రక్తహీనత రావచ్చు, దాంతో ఆకలి ఇంకా మందగిస్తుంది. తినలేదు కదా అని వెంటనే పాల సీసా ఇచ్చే అలవాటు ఉంటే మానండి.

ఇక కడుపు నిండుతుందా అన్న మీ భయం. రోజుకు మూడు భోజనాలు, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి, ఒక్కోసారి అరగంటకు మించకుండా. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది మీ పని. తినాలా వద్దా, ఎంత అన్నది పాప పని. ఆ రెండో పనిని వదిలేయడం తల్లికి ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే పూట పూటకూ చెంచాలు లెక్కపెట్టకండి, వారం మొత్తం మీద చూడండి. ఒక రోజు పిడికెడు తిన్న పిల్ల మరుసటి రోజు రెండింతలు తింటుంది. నెలకోసారి బరువు చూసి రాసిపెట్టుకోండి. కొన్ని నెలలుగా బరువు కదలకపోయినా, తగ్గినా, తిన్నప్పుడల్లా దగ్గు, వాంతి వస్తున్నా, పలుకు తగిలితే చాలు ఉమ్మేస్తూ ద్రవాలు మాత్రమే తీసుకుంటున్నా పిల్లల డాక్టర్‌కు చూపించండి.

మొన్న కుక్కి పెట్టానని రాశారు. అది మళ్లీ వద్దు, అలా చేస్తే చెంచా అంటేనే భయం పాతుకుపోతుంది. ఒకసారి జరిగినదానికి మాత్రం మిమ్మల్ని మీరు దండించుకోవద్దు, నాలుగు ప్రశాంతమైన భోజనాలతో ఆ బెదురు పోతుంది. అత్తగారితో వాదన పెట్టుకోకండి. 'అత్తయ్యా, డాక్టర్ బరువు చూస్తున్నారు, మూడు వారాలు ఇలా చేసి చూద్దాం, మీరూ పక్కన కూర్చోండి' అనండి. పాప మొదటిసారి తనంతట తాను చెంచా నోట్లో పెట్టుకోవడం ఆవిడ కూడా చూడాలి. కింద ఒక పాత దుప్పటి పరిస్తే శుభ్రం చేసే పనీ తగ్గుతుంది.

ఇంత పెద్ద ఉత్తరంలో మీరు ఎప్పుడు తింటున్నారో ఒక్క ముక్క కూడా రాయలేదు. పాపకు గంట సేపు పెట్టాక, చల్లారింది నిలబడే తింటున్నారేమో. పిల్లలు చెంచా పట్టడం నేర్చుకునేది ఎదురుగా తినేవాళ్లను చూసే. రేపు పొద్దున మీ కంచం కూడా తెచ్చుకుని, పాప ఎదురుగా కూర్చుని, వేడిగా ఉండగానే తినండి.